తెల్ల మలాం

చలికాలం వచ్చిందంటే మా ఆశ్రమ పాఠశాల పిల్లల కాళ్లు, చేతులు పగుళ్లు తేలతాయి. అమ్మ పట్టించిన ఇప్పనూనె అప్పటికి నెయ్యిలా గడ్డకట్టి ఉంటుంది. అందులో కొంచెం తేనెమైనం వేసి సన్నసెగ మీద కరిగించి, దించాక జింక్ ఆక్సైడ్ పొడి కలుపుతాను. తొమ్మిది చెంచాల నూనెకు ఒక చెంచా పొడి. అది నూనెలో కరగదు. చల్లారేదాకా తిప్పకపోతే అడుక్కి దిగిపోతుంది. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను, ఆ పొడి పీల్చకూడదు. మందుల షాపులో అడిగి తెస్తాను. రంగుల్లో వాడే రకంలో సీసం ఉండొచ్చు. పగుళ్లకు, ఒరుసుకుపోయిన చోటకు ఈ మలాం మంచిదే. గజ్జికి, తామరకు మాత్రం ఆస్పత్రికే పంపుతాను.

పోయినేడు గ్రూపు ఫొటో రోజు ఏడో తరగతి పిల్ల ఒకతి ఈ మలాం మొహమంతా పూసుకొచ్చింది. బూడిద చల్లినట్టుంది. పిల్లలంతా నవ్వారు.

"తెల్లగా కనబడదామని, టీచర్" అంది.

నాకు నవ్వు రాలేదు. టీటీసీ చదివేటప్పుడు మైదానం అమ్మాయిల పక్కన కూర్చోవడానికి నేనూ రోజూ పౌడర్ దట్టంగా కొట్టుకునేదాన్ని.

నీళ్లతో పోలేదు. దూదికి ఇప్పనూనె అద్ది తుడిచాను. ఈ పొడి చర్మం రంగు మార్చదనీ, పైన పొరలా ఉండి ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుందనీ, క్రికెట్ ఆటగాళ్లు ముక్కు మీద తెల్లగా రాసుకునేదీ ఇదేననీ చెప్పాను. అంతా విని, నా మొహంలోకి చూసి అడిగింది:

"మరి మీరెందుకు పౌడర్ కొట్టుకుంటారు టీచర్?"

ఫొటో తీసే అతను పిలుస్తున్నాడు. జవాబు చెప్పకుండానే వరుసలోకి పోయాను.