డార్జిలింగ్ కొండలలో

పశ్చిమ బెంగాల్ ఉత్తరపు కొసన, సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులో, ఒక కొండ వెన్నుమీద పరుచుకొన్న నగరం డార్జిలింగ్. టిబెటన్ భాషలో 'దోర్జే' అంటే వజ్రాయుధం, 'లింగ్' అంటే చోటు. ఇంద్రుని ఆయుధం పేరు పెట్టుకొన్న ఆ ఊరికి కొన్నేళ్ళ క్రితం మార్చి నెలలో నేనూ నా భార్యా వెళ్ళాము.

మైదానంలోని న్యూ జల్‌పాయ్‌గురి నుంచి జీపులో మూడు నాలుగు గంటల దారి. మేము మాత్రం పగలంతా పట్టే చిన్న రైలునే ఎంచుకొన్నాము. దాని పట్టాల నడుమ వెడల్పు రెండడుగులే. 1881లో పూర్తయిన ఈ మార్గాన్ని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అంత నిటారైన కొండను రైలు ఎక్కే తీరు చూసి తీరవలసినదే. కొన్నిచోట్ల దారి గుండ్రంగా చుట్టి వచ్చి, తాను కింద విడిచి వచ్చిన పట్టాల మీదుగానే దాటిపోతుంది. మలుపు తిరిగేందుకు చోటు లేనిచోట రైలు ముందుకు పోయి ఆగుతుంది. వెనుకకు నడిచి పైమెట్టుకు చేరుతుంది. తిరిగి ముందుకు సాగుతుంది. వెనుకకు నడుస్తూ కూడా ఎత్తుకు చేరవచ్చునని నాకు అప్పుడే తెలిసింది. బజార్ల గుండా పోయేటప్పుడు దుకాణాలు కిటికీకి ఎంత దగ్గరగా వచ్చాయంటే, చేయి చాస్తే నారింజపండ్లు అందేటట్లున్నాయి. 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘుమ్ స్టేషను దాటిన తరువాత దారి దిగుముఖం పడుతుంది. అక్కడికి కొంత దూరాన బతాసియా వలయం. ఆ వలయం నడుమ దేశరక్షణలో ప్రాణాలర్పించిన గూర్ఖా సైనికుల స్మారకస్తంభం ఉంది. అప్పటిదాకా కేరింతలు కొట్టిన ప్రయాణికులు అక్కడ ఎందుకో గొంతు తగ్గించారు.

మరునాడు తెల్లవారుజామున నాలుగింటికే టైగర్ హిల్ చేరుకొన్నాము. అప్పటికే అక్కడ తిరునాళ్ళను తలపించే జనం. వేసవి ముందు కొండలను పొగమంచు కమ్మేస్తుందని భయపెట్టారు గాని, ఆ రోజు ఉత్తరదిక్కు తేటగానే ఉంది. ముందుగా చీకటిలో ఒక ఎర్రని చుక్క. అది అంచు వెంట పాకి బంగారమై, చూస్తూండగానే తెల్లబడింది. అదే 8,586 మీటర్ల కాంచనగంగ, ప్రపంచంలో మూడవ ఎత్తైన శిఖరం. 1955 మే 25న దానిని తొలిసారి అధిరోహించిన బ్రిటిష్ బృందం శిఖరాగ్రానికి కొన్ని అడుగుల కిందనే ఆగిపోయింది. ఆ కొండ సిక్కిం ప్రజలకు దైవం. కొనపై కాలు మోపబోమని వారు ఇచ్చిన మాట అది. పక్కవారి భుజాలపై నుంచి ఫోను చాపి ఫోటోలు తీసుకొంటున్న మా గుంపు నడుమ నాకు ఆ అడుగుల ఎడమే గుర్తుకు వచ్చింది.

ఊళ్ళోని జంతు ప్రదర్శనశాల పేరు చదివినప్పుడు మాకు సొంత మనిషి కనబడినట్లయింది. హైదరాబాదులో పుట్టి, సరోజినీ నాయుడి కుమార్తెగా పెరిగి, పశ్చిమ బెంగాల్ గవర్నరైన పద్మజా నాయుడి పేరది. మంచు చిరుతలను, ఎర్ర పాండాలను అక్కడ సంతతి పెంచి కాపాడుతున్నారు. అలా పుట్టిన ఎర్ర పాండాలలో కొన్నింటిని 2003, 2004 సంవత్సరాలలో సింగాలీలా అడవిలో విడిచిపెట్టారు. అదే ఆవరణను ఆనుకొని 1954లో నెలకొల్పిన పర్వతారోహణ సంస్థ ఉంది. టెన్జింగ్ నార్గే శిక్షణ నడిపిన చోటది. నిజామాబాద్ ప్రాంతపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఇక్కడ శిక్షణ పొంది, పదమూడేళ్ళ వయసులో 2014లో ఎవరెస్టు ఎక్కింది. అదీ మే 25నే!

తేయాకు తోటల గురించి చాలామంది వ్రాశారు. తొలి కోత కాలం కనుక వాలుల నిండా స్త్రీలు. వీపున బుట్ట, దానిని మోసే పట్టీ నుదుటిన. ఆ వాలు మీద నిలబడి పది అడుగులు నడవడమే మాకు కష్టమైంది.

ఇంతకూ డార్జిలింగులో నా మనసులో నిలిచినది ఏ దర్శనీయస్థలమూ కాదు, మేము దిగిన ఇంటి పెరట్లోని నీలిరంగు డ్రమ్ము. మా గదికి రోజుకు రెండు బకెట్ల నీళ్ళు. మూడవది అడిగితే ఇంటావిడ హిందీలో, "భాయీ, మీరు చూడవచ్చిన మబ్బులు మా కొళాయిలోకి రావు కదా!" అని నవ్వింది. ఊరి నీటికి ప్రధానాధారం టైగర్ హిల్ చేరువలోని సెంచల్ జలాశయాలు. ఒకటి 1910 నాటిది, రెండవది 1932 నాటిది. ఊరి జనాభా 2011 నాటికే లక్ష దాటింది. దానికి తోడు మావంటి యాత్రికులు. వానకాలంలో కుంభవృష్టి కురుస్తుంది గాని, ఆ నీరు వాలులలో నిలువదు. అడవి నేల పీల్చుకొన్న మేరకే ఊటలు బ్రతుకుతాయి. చెట్లు కొట్టి, కొండను కోసి మేడలు లేపినకొద్దీ ఊటలు చిక్కిపోతాయి, నేల జారుతుంది. 2025 అక్టోబరులో ఒక రాత్రి కురిసిన వానకు ఆ జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఇరవై మందికి పైగా మరణించారని చదివినప్పుడు ఆమె ఇల్లే నా కళ్ళముందు మెదిలింది. ఫోను చేశాను. క్షేమమేనన్నది.

బయలుదేరే ఉదయం ఊట దగ్గర డబ్బాలు వరుస పెట్టి ఉన్నాయి, మనుషులు ఇంకా రాలేదు. డబ్బాలే వారి వంతు కాస్తున్నాయి. మేము గదిలో మిగిల్చిన అర బకెట్టు నీటిని ఇంటావిడ రెండు చేతులా పట్టుకొని తీసుకువెళ్ళి, మెట్ల మీది పూలకుండీలకు చెంబుతో కొలిచి పోసింది.