ముందు ఎవరు చెల్లిస్తారు?

ప్రోగ్రామ్ రాసేటప్పుడు నన్ను ఎక్కువగా సతాయించేవి నిర్వచనాలే. అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి ఇస్తామన్న ప్రోత్సాహకాల ఆడిట్ గురించి చదువుతుంటే, అక్కడా అదే గొడవ.

2017లో కంపెనీ 13,000 ఉద్యోగాలంది. రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్లంది. ఇంతకీ ఉద్యోగం అంటే ఏమిటి? రాష్ట్రం బయట పనిచేసేవాళ్ల జీతాలక్కూడా రాయితీ వచ్చేలా నిబంధనలు రాసుకున్నారని 2018లో శాసనసభ ఆడిట్ విభాగం పట్టుకుంది. 2019 చివరికి కనీసం 520 ఉద్యోగాలుండాలి. కంపెనీ 550 చూపించింది. తనిఖీలో నిలిచినవి 281. రాయితీ ఇవ్వలేదు.

ఆడిట్ గెలిచిందనుకోవచ్చు. కానీ మౌంట్ ప్లెజెంట్ అనే ఊరి లెక్క వేరు. అక్కడి స్థానిక ప్రభుత్వం ముందే అప్పు చేసి భూములు కొంది, రోడ్లు, నీటి పైపులు వేయించింది. బాగున్న ఇళ్లున్న చోటుని కూడా ‘శిథిల ప్రాంతం’గా ప్రకటించింది. చాలా ఇళ్లు కూల్చేశారు.

2021లో ఒప్పందం మార్చి, 13,000ని 1,454కి దించారు. కాగితం మీద అంకె దిగింది. ఊరి అప్పు దిగలేదు.

ఇంకా ఇవ్వని డబ్బుని ఆడిట్ ఆపగలదు. కూల్చిన ఇంటిని ఏ గడిలో రాస్తుంది? అందుకే ఇలాంటి పథకం ఏది కనబడినా, ఎన్ని ఉద్యోగాలని అడగడం మానేశాను. ముందు ఎవరు చెల్లిస్తున్నారో చూస్తున్నాను.