సరి - బేసి

సంఖ్యలకు సరి, బేసి యని పేరు పెట్టినవారెవరో గాని, వారికి బాలుర మనస్సు బాగుగా తెలిసియుండునని మేము తలంచుచున్నాము. రెండు పాళ్లుగా పంచినప్పుడు సరిపోవునది సరిసంఖ్య; ఒకటి మిగిలిపోవునది బేసిసంఖ్య. గ్రీకు పండితుడగు యూక్లిడు తన 'ఎలిమెంట్సు' గ్రంథము ఏడవ భాగమున సరిసంఖ్యకు చెప్పిన లక్షణమును ఇదియే. సంస్కృతమునందలి సమ, విషమ శబ్దములును ఈ యర్థమునే తెలుపుచున్నవి. ముక్కంటిని బేసికంటి వేలుపని పిలుచుకొన్న జాతికి ఈ మాటలు క్రొత్తవి కావు.

అయినను మన తరగతులలో జరుగుచున్నదేమి? తుర్కయంజాలులో మేము చదువు చెప్పు బడిలో మూడవ తరగతి పిల్లలను "37 సరియా, బేసియా?" యని యడిగితిమి. "బేసి" యని అందరు నొక్క గొంతుతో పలికిరి. ఏల యనగా, చివర 7 ఉన్నది గనుక ననిరి. ముందున్న 3ను ఏల విడిచితిరనగా ఎవ్వరును మాటాడలేదు. కొంతసేపటికి ఒక బాలిక లేచి, "సార్, ముప్పైలో మూడు బేసి గదా, మరి ముప్పై సరి ఎట్లయితది?" అని యడిగినది. తక్కిన పిల్లలు నవ్విరి. కాని తరగతిలో ఆలోచించినది ఆ బాలిక యొక్కతెయే.

ఆమెకు ముప్పది చింతగింజలిచ్చి, పదేసి చొప్పున మూడు కుప్పలు పెట్టించి, ఒక్కొక్క కుప్పను జతలుగా పేర్పించితిమి. ప్రతి కుప్పయు అయిదు జతలయ్యెను. ఒక్క గింజయు మిగులలేదు. పదులెన్ని యున్నను జతలే. నూర్లును వేలును పదుల గుంపులే గనుక అవియు జతలే. ఇక విచారింపవలసినది ఒకట్ల స్థానము మాత్రమే. చివరి యంకెను చూడుమను సూత్రమునకు మూలమిదియే. రెండు బేసి సంఖ్యలను కలిపిన సరి యేల యగునో కూడ గింజలే చెప్పినవి: ఇచట మిగిలిన ఒంటిగింజకు అచట మిగిలిన ఒంటిగింజ జతయైనది. సున్న మాట యేమని మరియొకడు అడిగెను. ఏమియు లేనిచోట మిగులునది యేమియు లేదు గావున సున్న సరియే. 2016 జనవరిలో ఢిల్లీ నగరమున సరి, బేసి దినములను బట్టి కార్లను నడువనిచ్చినప్పుడు, సున్నతో ముగియు బండ్లను సరిసంఖ్యలతోడనే చేర్చిరి.

తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులవరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. దానిని మేము నిందింపము. పేదవాని బిడ్డకును ఆ భాష కావలయును. అయితే 'ఈవెన్' అనుమాటలో సమత్వమను అర్థమున్నను అది మన పిల్లకు వినబడదు. 'సరి' యనగా వినబడును. ఇంటిలో తల్లి బెల్లము పంచునపుడు "సరిపోయిందా?" యని యడుగునది ఆ మాటతోనే. కావున ముందు ఇంటిమాట చెప్పి, గింజలు చేతికిచ్చి, పిమ్మట ఇంగ్లీషు పేరును, సూత్రమును చెప్పుట మేలు.

సూత్రము చెప్పుటకు అరనిమిషము చాలును. గింజలు పేర్పించుటకు ఒక గంట పట్టును. పాఠ్యప్రణాళిక వెనుకబడునని భయపడి ఆ గంటను మిగుల్చుకొన్నచో, ఏల యని యడుగు పిల్ల మరునాటినుండి అడుగుట మానివేయును. అది మనకు గొప్ప నష్టము.