హెబ్బగోడి నుంచి హైదరాబాద్ ఎంత దూరం?

బెంగళూరు, హైదరాబాద్‌ల మధ్య విమానదూరం దేవనహళ్లి విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే సుమారు 455 కిలోమీటర్లు. టికెట్ మీద గంటంపావు వేస్తారు. రన్‌వే దాకా వెళ్లి వరసలో ఆగడం, దిగాక గేటు చేరడం కూడా అందులోనివే. ఇంత చిన్న దారిలో విమానం ఎత్తుకు చేరి కుదురుకునే లోపే దిగడం మొదలవుతుంది.

హెబ్బగోడిలో కాపురముండేవాళ్లకు ఆ లెక్క సరిపోదు. మేము బెంగళూరుకు దక్షిణపు కొసన, హోసూరు రోడ్డు మీద ఉన్నాం. విమానాశ్రయం ఉత్తరపు కొసన. తిన్నగా నలభై కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు మీద దాదాపు అరవై. హైదరాబాదూ ఉత్తరానే కాబట్టి ఆ ప్రయాణం వృథా కాదు, గమ్యం వైపే. కాకపోతే మొత్తం దారిలో దాదాపు పదోవంతే అయిన ఆ ముక్కకే సాయంత్రాల్లో రెండు గంటలు చాలవు.

ఈ పరిస్థితి 2008లో వచ్చింది. మార్చిలో హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు, మేలో బెంగళూరు పాత విమానాశ్రయం హెచ్.ఏ.ఎల్. నుంచి దేవనహళ్లికి విమానాలు తరలిపోయాయి. హైదరాబాద్‌లో కొత్త విమానాశ్రయం దక్షిణాన వచ్చింది, ఇక్కడ ఉత్తరాన. అంటే రెండూ ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి! ఆకాశంలో యాభై కిలోమీటర్లు తగ్గాయి. ఆ తగ్గిన దూరం ఇక్కడ మా దక్షిణపు వాళ్ల నెత్తిన, హైదరాబాద్‌లో ఉత్తరం వైపున్న కూకట్‌పల్లి, మియాపూర్ వాళ్ల నెత్తిన రోడ్డుగా పడింది. ఇది నాకు న్యాయంగా అనిపించదు. ప్రయాణకాలమంటే ఇంటి గడప నుంచి ఇంటి గడపకు కొలవాలి. అలా కొలిస్తే, తనిఖీల సమయంతో కలిపి, ఆరేడు గంటలు.

రైలైతే, హైదరాబాద్‌లోని కాచిగూడకు 2023లో వచ్చిన వందే భారత్‌కు సుమారు ఎనిమిదిన్నర గంటలు. అదీ యశ్వంతపుర నుంచి, మళ్లీ ఊరికి అవతలే. రాత్రి బస్సులు మాత్రం ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కలే ఎక్కించుకుంటాయి. అందుకే అమ్మకో నాన్నకో ఒంట్లో బాగాలేదని సాయంత్రం ఫోనొస్తే ఇక్కడి మనవాళ్లు చాలామంది ముందు బస్సు సీటే వెతుకుతారు. పొద్దున ఫోనొస్తే విమానం.

2025 ఆగస్టులో పసుపు మెట్రో బొమ్మసంద్ర దాకా వచ్చింది, హెబ్బగోడికీ స్టేషన్ ఉంది. సిల్క్ బోర్డు నుంచి విమానాశ్రయానికి నీలి మార్గం కడుతున్నారు. అది పూర్తయితే ఒక్కసారి రైలు మారితే చాలు, ట్రాఫిక్ బెడద ఉండదు. హోసూరులో విమానాశ్రయం కడతామని తమిళనాడు 2024లో ప్రకటించింది. అది మాకు చాలా దగ్గర. కానీ దేవనహళ్లి విమానాశ్రయ ఒప్పందం ప్రకారం, మైసూరు, హాసన్‌లను మినహాయిస్తే, 2033 దాకా 150 కిలోమీటర్ల లోపల పోటీ విమానాశ్రయం రాకూడదు. అందుకని మా ఆశ ప్రస్తుతానికి నీలి మార్గం మీదే.