జాబితాలో బర్రె లేదు

కాపలా కెమెరా పెట్టించడం తేలికే. అది పంపే హెచ్చరికలను భరించడమే కష్టం. పోచంపల్లిలో మా ఇల్లు నడివీధిలో ఉంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అప్పటినుంచీ ఇక్కత్ చీరల కోసమో, వినోబా మందిరం చూడటానికో వచ్చేవారు మా గుమ్మం ముందునుంచే నడుస్తుంటారు. ఒంటరిగా ఉండే అమ్మ కోసం అక్కడొక కెమెరా బిగించాక, హైదరాబాదులో నా ఫోనుకు ఊపిరాడలేదు. ఆరేసిన రంగునూలు గాలికి ఊగితే కదలిక. వీధిలో పడుగు సాగదీస్తే కదలిక. నాలుగు రోజులు గడిచేసరికి ఆ మోత నా చెవికి ఆనడం మానేసింది. దొంగ వచ్చినా అదే మోత కదా!

అప్పుడు దొరికింది ఫ్రిగేట్. బ్లేక్ బ్లాక్‌షియర్ మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్టువేరు ఇది. 2013లో పుట్టిన హోమ్ అసిస్టెంట్‌కు జోడింపుగా పనిచేస్తుంది. పేరు యుద్ధనౌకది, కాపలా మా వాకిలికి! దీని పద్ధతి నాకు నచ్చింది. ముందు, దృశ్యంలో ఏ భాగం మారిందో చూస్తుంది. ఆ ముక్కను మాత్రమే గుర్తుపట్టే యంత్రాంగానికి అప్పగిస్తుంది. అది "మనిషి, ఇంత నమ్మకంతో" అని తీర్పు చెబుతుంది. మనం ఏమీ మార్చకపోతే మనిషీ కారూ హెచ్చరికలవుతాయి, తక్కినవి ఊరికే నమోదవుతాయి. నూలు ఊగే చోటును లెక్కలోంచి తప్పించవచ్చు. గడప వరకూ ఒక గీత గీసి, అది దాటినవారి గురించే చెప్పమనవచ్చు. మూలలో పడి ఉన్న పాత కంప్యూటరే దీనికి చాలింది.

అది గుర్తుపట్టే వస్తువుల పట్టిక చదివితే మాత్రం నవ్వొచ్చింది. మైక్రోసాఫ్టు పరిశోధకులు 2014లో వెలువరించిన కోకో అనే చిత్రసంచయం నుంచి నేర్చిన చదువది. మొత్తం 80 రకాలు. జంతువులు పది: అందులో జీబ్రా ఉంది, జిరాఫీ ఉంది, ఎలుగుబంటి కూడా ఉంది. బర్రె లేదు. మేక లేదు. బండ్లలో ఆటో లేదు. పాలబర్రె తెల్లవారుజామున వాకిట్లోంచి వెళితే దాన్ని ఆవు పద్దులో జమకట్టుకోవలసిందే. మన వీధిని ఎవరో ఎక్కడో చూసిన కళ్ళతో చూడటమంటే ఇదేనేమో. అయితే దీని గుట్టంతా తెరిచే ఉంది కనుక, బర్రె ఫొటోలు పోగేసి మనమే దానికి నేర్పించుకోవచ్చు. ఆ పని మొదలుపెట్టాను కూడా.

అమ్మకు ఈ సంబరమేమీ పట్టలేదు. ఆసు పోసి పోసి భుజాలు అరిగిన మనిషి. తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో చేసిన లక్ష్మీ ఆసు యంత్రమే ఆవిడ దృష్టిలో యంత్రం. తక్కినవన్నీ ఆటబొమ్మలు. షరతు మాత్రం గట్టిగానే పెట్టింది: "మగ్గమున్న అర్రల వద్దు కొడుకా. మన డిజైను బయటవడితె, చీర దిగకముందే బజార్ల అచ్చుగుడ్డ దిగుతది." ఇక్కత్ పోలికను అచ్చువేసి అమ్మేవాళ్ళ దెబ్బ తెలిసిన ఇంట్లో ఆ భయం చిన్నది కాదు. దృశ్యాలు ఇల్లు దాటిపోకుండా ఆ పాత కంప్యూటరులోనే ఉండిపోతాయన్నదే నేను ఆవిడకు చెప్పుకోగలిగిన సమాధానం. అర్రలో కెమెరా మాత్రం పెట్టలేదు.

చివరికి నాకు పనికొచ్చిన హెచ్చరిక ఒక్కటే. అది కదలిక గురించి కాదు, కదలిక లేకపోవడం గురించి. ఐదుకు లేచి వాకిలి ఊడ్చే మనిషి ఏడయినా అక్కడ కనిపించకపోతే ఫోను మోగాలని నియమం రాశాను. ఇప్పటికి ఒక్కసారే మోగింది. వణుకుతూ ఫోను చేస్తే, పెరటి తలుపు తీసుకుని పక్కింటికి పోయిందట.

"లేచిననా లేదా అని అడిగేతందుకు గంత మిషన్ ఎందుకు? పొద్దుగాల నువ్వే ఓ ఫోన్ జెయ్యరాదు?" అంది.

చేస్తున్నాను. పెరటి తలుపు దగ్గర ఇంకో కెమెరా పెట్టనిస్తుందా అన్న బేరం ఇంకా తేలలేదు.