పటమునకెక్కని ప్రయాణములు

జనులు దేశములో నొకచోటు విడిచి మఱియొకచోట చేరుటను పటముమీద గీతలుగా చూపు విద్య యొకటి కలదు. పోయినవా రెందఱో గీత యంత లావు. 1837లో హార్నెస్ అను నతడు ఐర్లండు రైలుదారుల విచారణసంఘమువారి కొఱ కిట్టి పటము గీచెను. పిమ్మట మినార్డ్ అను ఫ్రెంచి యింజనీరు దీనికి మిక్కిలి ప్రఖ్యాతి తెచ్చెను. పాయలు కలసినకొలది యేరు వెడల్పగునట్లే గీతయు వెడల్పగును గనుక, అంకెలన్న తలనొప్పి తెచ్చుకొను మావంటివారికి సైతము చూచినంతనే తెలియును.

మా కుమారు డిటువంటి భారతదేశపటము నొకదానిని మాకు చూపెను. ఉత్తరప్రదేశమునుండియు బీహారునుండియు ఢిల్లీకిని మహారాష్ట్రమునకును మోకులవలె లావుపాటి గీతలు పోవుచున్నవి. చక్కగానే యున్నది. అందు మా గీత యెక్కడనని వెదకితిమి. మేము పుట్టినది దివిసీమ. మెట్టినది కృష్ణ కావలియొడ్డున రేపల్లె చెంత నొక పల్లె. నేడు పెనుమూడికిని పులిగడ్డకును నడుమ వారధి కలదు గాని, మేము కాపురమునకు వచ్చిననాడు పడవ తప్ప వేఱు దగ్గఱి దారి లేదు. మా తల్లి కడసారి జబ్బుపడినప్పుడు ఏరు నిండుగా పాఱుచుండుటచే మూడుదినము లీయొడ్డుననే కూర్చుంటిమి. అట్టి ప్రయాణమునకు పటములో వెండ్రుకంత గీతయైనను లేదు.

అడుగగా మా వాడు, "అమ్మా, ఇది రాష్ట్రమునుండి రాష్ట్రమునకు పోయినవారి పటము. పైగా పెండ్లిండ్లుకూడ చేర్చినచో దేశమంతయు నల్లనగును, తక్కిన గీత లొక్కటియు కనబడవు" అనెను.

వాని మాట యబద్ధము కాదు. 2020-21లో ప్రభుత్వమువారు జరిపిన నమూనా విచారణలో స్త్రీలలో నూటికి 47.9 మందియు, పురుషులలో 10.7 మందియు స్థలము మాఱినవారని తేలినది. ఆ స్త్రీలలో నూటికి 86.8 మందికి కారణము వివాహమే. సోదరీమణులారా, ఈ దేశములో నెక్కువగా కదలినది మనమే! మనవలన కన్ను చెదరునని మనలను తుడిచివేసి, మిగిలినదానిని దేశపు రాకపోకలని చూపుచున్నారు. 1885లోనే రావెన్‌స్టైన్ అను పండితుడు బ్రిటను లెక్కలు చూచి, దగ్గఱిచోట్లకు పోవువారిలో స్త్రీలే యెక్కువయని వ్రాసి, ఆ ప్రవాహములకు పటముకూడ గీచియుండెను.

ఇక నా లెక్కలలోనే మఱియొక చిక్కు కలదు. మన జనాభా లెక్కలలో పుట్టినచోటు 1881నుండియు, వెనుకటి నివాసము 1971నుండియు, చోటు మాఱిన కారణము 1981నుండియు అడుగుచున్నారు. కారణ మొక్కటే వ్రాయుదురు. మా కోడలు ఏలూరునుండి ఉద్యోగమునకై గుంటూరు వచ్చి, మూడేండ్లు పనిచేసిన పిదప మా వానిని పెండ్లాడెను. ఒకపరి యేదో విచారణకై లెక్కలు వ్రాయు నాయన రాగా, మా వారు అరుగుమీదనే "వివాహము" అని చెప్పి పంపివేసిరి. కోడ లప్పుడు కచేరీలో నున్నది! మా వారికి కపటము లేదు. ఆడుదాని రాకకు వేఱు కారణ ముండునని తోచలేదు, అంతే.

అది తెలిసిననాటి సాయంకాలము అత్తగారును, మేమును, కోడలును వసారాలో కూర్చుండి మా యింటి పటము మేమే వేసితిమి. ఉద్యోగపు గీతకు పసుపు, పెండ్లి గీతకు కుంకుమ, కొడుకువెంట గుంటూరు చేరిన గీతకు బియ్యపుపిండి. మా వారి కొక్కటే గీత వచ్చినది. అత్తగారికిని మాకును రెండేసి. కోడలి పసుపుగీత యొక్కటియే ఏలూరునుండి తిన్నగా వచ్చి నిలిచినది. అత్తగారు చాలసేపు చూచి, "పెండ్లి గీతకు రెండుకొసలను బాణములు పెట్టవలెనే. పురిటికి పోలేదా? పండుగకు పోలేదా?" అనిరి. పటములు గీచువారి కీ మాట తోచినట్లు మే మెక్కడను చూడలేదు.

తరువాతి జనాభా లెక్కలు 2027లో జరుగునని ప్రభుత్వమువారు 2025లో ప్రకటించిరి. లెక్కలవారు వచ్చిననాడు సెలవు పెట్టియైనను తన జవాబు తానే చెప్పుదునని కోడ లనుచున్నది. మా వారు మాత్రము అరుగుమీది కుర్చీ తీయలేదు.