అమ్మమ్మ వంటింట్లో అమెరికా పుస్తకం

నేను పాలు, నెయ్యి మానేసి ఏడాది. హైదరాబాద్‌లో ఎవరూ పట్టించుకోలేదు. రేపల్లెలో అమ్మమ్మ మాత్రం "నా చేతి నెయ్యి కూడా వద్దా?" అని మొహం తిప్పేసుకుంది.

ఈసారి బాపట్లలో పెళ్లి చూసుకుని తెనాలిలో దిగా. బ్యాగులో 2009లో వచ్చిన బ్రయంట్ టెర్రీ 'వీగన్ సోల్ కిచెన్'. ఆఫ్రికన్ అమెరికన్ల ఇంటి వంటల్ని మాంసం, వెన్న లేకుండా చెప్పే పుస్తకం. అందులోని కొలార్డ్ ఆకు తెనాలి మార్కెట్లో ఎక్కడిది? గోంగూర కొన్నా. బొబ్బర్లు, బెండకాయలు మాత్రం దొరికాయి. బొబ్బర్ల పుట్టిల్లు ఆఫ్రికానే! బానిసల ఓడల కాలంలో అమెరికా చేరాయి. మన దగ్గరికి అంతకు ఎంతో ముందే వచ్చాయి.

అక్కణ్నుంచి రేపల్లె రైలు. దాదాపు 34 కిలోమీటర్లు, లైను అక్కడితో ఆఖరు.

కొత్త సంవత్సరం రోజు వాళ్లు తినే హాపిన్ జాన్ వండా. బొబ్బర్లు, అన్నం. మామూలుగా పంది మాంసం వేస్తారు; నేను ఉల్లిపాయ కాల్చి వేశా. చప్పగా వచ్చింది.

అమ్మమ్మ రుచి చూసి, "పులగంలో పెసరపప్పు బదులు బొబ్బర్లు వేశావు, అంతేగా?" అంటూ నూనెలో ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెట్టింది. నెయ్యి గిన్నె వైపు చూసింది గానీ తియ్యలేదు.

బయల్దేరేటప్పుడు గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టింది. "నూనెతోనే పెట్టాలే, తిను."